పురుగు ముట్టని చేను

సుదామ్ ఢోటే చేనుకు నాలుగు దిక్కులా బీటీ పత్తే. నడుమ అతని నాలుగెకరాలు. గట్టు వెంట రెండు సాళ్లు కంది, ఒక సాలు జొన్న వేస్తాడు. అవతల కొట్టిన మందు గాలికి ఇవతలికి రాకుండా అది అడ్డం. కంది భుజం ఎత్తు ఎదిగాక చేను బయటికి కనబడదు. దారిన పోయేవాళ్లకు లోపల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు.

బోర్‌ఖేడీలో మొదట చాలామందే సేంద్రియం పట్టారు. ఏడాదికి ఒకరిద్దరు జారుకుని, తరవాత చేరిన ఒకరితో కలిపి చివరికి ఐదుగురు మిగిలారు. అంతకంటే తగ్గితే సర్కారు దాన్ని జట్టుగా లెక్కించదు. పెద్ద గులాబ్‌రావు బోబ్డే. తరవాత ఉప్రే అన్నదమ్ములిద్దరు, గోండు గూడెం వైపు చేనున్న చంద్రభాగ కినాకే, సుదామ్. ఊళ్లో వాళ్లను పాండవులంటారు. చంద్రభాగ చేరిన ఏడాది ఎవరో, ఐదో పాండవుడు చీర కట్టుకొచ్చాడన్నారు. ఆవిడ ఆ మాటన్నవాడి ఇంటి ముందు నిలబడి, గద కూడా తెస్తాను ఆగమని చెప్పి వచ్చింది.

సేంద్రియం పట్టినప్పుడు సుదామ్‌కు తెలియనిది ఒకటుంది. ఊళ్లో మనిషికీ మనిషికీ రాకపోకలు నడిచేది మాటల మీద కాదు, అడిగి తెచ్చుకునే వస్తువుల మీద. మందు కొట్టే పంపు, గొర్రు, బండి, గోనెసంచులు. జట్టు నియమం ప్రకారం విషం పోసిన పంపు సేంద్రియం చేనులోకి రాకూడదు. ఎరువు మోసిన సంచిలో ఈ పత్తి నింపకూడదు. అవతలి ట్రాక్టర్ వస్తే చక్రాలు కడుక్కుని రావాలి. ఇవ్వకూడదు, తెచ్చుకోకూడదు. రాసుకున్నప్పుడు అవి పంటకు పెట్టుకున్న కట్టుబాట్లే.

గట్టు అవతలి చేను అన్న మహాదేవ్‌ది. ఒక ఏడు పేనుబంక పడితే మహాదేవ్ గట్టు మీదికి వచ్చి పంపు అడిగాడు. సుదామ్ నియమం చెప్పాడు. మహాదేవ్ విని, సరే మహారాజ్ అన్నాడు. మరునాడు వణీ బజారుకు పోయి కొత్త పంపు కొనుక్కొచ్చుకున్నాడు. దెబ్బలాట లేదు. ఒకరినొకరు ఒక మాట అనుకున్నది లేదు. అడగడం ఆగిపోయింది, అంతే. ఆ ఏడే సుదామ్ భార్య కమల పాము కరిచి పోయింది. పిల్లలు లేరు. అన్న వచ్చాడు, పాడె మోశాడు, పదమూడో రోజు దాకా ఉన్నాడు. ఆ తరవాత గట్టు మళ్లీ గట్టే.

జట్టువాళ్లు తనిఖీకి వచ్చే రోజు సుదామ్‌కు పండగ. ఒకరి చేనుకు మిగతా నలుగురు సాక్ష్యం. సాలు సాలూ నడిచి చూడాలి, మందు వాసన ఉందేమో మట్టి తీసి చూడాలి, చేను మంచిగున్నదని సంతకం పెట్టాలి. చేను ఎవరిదైతే తిండి వాళ్లది. సుదామ్ భాకరీలనే జొన్నరొట్టెలు, శనగపిండి ఝుణకా చేస్తాడు, పచ్చిమిరప దంచుతాడు. ఆ పూట అతని చేనులో ఐదు గొంతులు వినబడతాయి. మిగతా రోజుల్లో వినబడేవి రెండే, ఎద్దును అదిలించే తన గొంతు, ఎద్దు మెడ గంట.

విత్తనం ఏరడం కమల పని. మొదటి ఏరుడుకు ముందే ఆమె చేనంతా తిరిగి తనకు నచ్చిన చెట్లకు గుడ్డపీలికలు కట్టేది. విత్తనం ఆ చెట్లదే. ఆమె పోయాక సుదామ్ అదే విత్తనం నుంచి అలాగే ఏరుతూ వచ్చాడు. మట్టి మెత్తిన వెదురు గాదెలో దాచేవాడు. ఈ ఏడు వేసవిలో అకాల వానకు వెనక గోడ విరిగి గాదె మీద పడింది. మట్టి తోడేసరికి విత్తనం సగం మొలకెత్తింది, సగం మురిగింది. ఎండబెట్టి చెరిగితే అడ్డెడు మిగిలింది. అది చేనులో మూలకు చాలదు. జట్టులో మిగతావాళ్ల దగ్గర ఎవరి చేనుకు సరిపడా వాళ్లకే ఉంది. బజారులో బీటీ తప్ప ఇంకో విత్తనం దొరికి చాలా ఏళ్లయింది.

వానలకు ముందు పంచాయతీ దగ్గర మీటింగు జరిగింది. వ్యవసాయ సహాయకుడు రహాంగడాలే మోటార్‌సైకిల్‌కు రెండు బ్యానర్లు కట్టుకుని వచ్చాడు. పొద్దున్న సేంద్రియ మిషన్ బ్యానర్ కట్టాడు. తాలూకా మొత్తాన్ని సేంద్రియం చేస్తామని సర్కారు చెప్పింది. మధ్యాహ్నం దాన్ని విప్పి అవే మేకులకు రెండోది కట్టాడు. కొత్త బీటీని దగ్గర దగ్గరగా వేస్తే దిగుబడి పెరుగుతుందని, వేసేవాళ్లకు సాయం ఇస్తామని కూడా సర్కారే చెప్పింది. కలుపు మందును తట్టుకునే పత్తికి అనుమతి ఇవ్వాలా వద్దా అని ఢిల్లీలో ఇంకా ఆలోచిస్తున్నారు. బోర్‌ఖేడీలో సగం మంది చోర్ బీటీ పేరుతో దాన్ని అప్పటికే వేస్తున్నారు.

ఉప్రేల్లో పెద్దవాడు లేచాడు. “సాహేబ్, పొద్దుగాల జెప్పింది నమ్మాల్నా, ఇప్పుడు జెప్పింది నమ్మాల్నా?”

“రెండూ సర్కారు మాటలే కాకా. నేను పోస్ట్‌మన్ లెక్క.”

“పోస్ట్‌మన్ అయితె ఒక్క ఇంటికి రెండు తీర్ల ఉత్తరాలు తెస్తడా?”

జనం నవ్వారు. రహాంగడాలే కూడా నవ్వాడు. అతనికి అలవాటే.

అందరూ వెళ్లేదాకా ఆగి సుదామ్ అతని దగ్గరికి పోయాడు. బీటీ కాని విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. దొరకదని, కంపెనీలు చేయడం మానేశాయని రహాంగడాలే చెప్పాడు. బ్యానర్ చుడుతూ ఇంకో మాట అన్నాడు.

“ప్రతి ప్యాకెట్‌ల ఒక చిన్న పొట్లం పెడ్తరు కాకా. అది బీటీ గాదు. చుట్టు రెండు మూడు సాళ్లు ఏయాలె అని రూల్. మీ ఊళ్లె ఎవరేస్తున్నరు చెప్పు? అంత చెత్తకుప్ప పాలే.”

ఆ పొట్లాన్ని ఊళ్లో పురుగు వాటా అంటారు. చుట్టూ బీటీ కాని చెట్లుంటే పురుగులు అక్కడ తిని బతుకుతాయి, బీటీని తట్టుకునే జాతి త్వరగా పుట్టదు. సర్కారు లెక్క అది. పురుగుకు సాలు వదిలే రైతు ఉండడు. పొట్లాలు చూర్లలోకి, గొడ్లపాకలోకి, దిబ్బ మీదికి పోతాయి.

సుదామ్ ఇల్లిల్లూ తిరిగాడు. చాలా ఏళ్ల తరవాత ఒక వస్తువు అడుగుతూ గడపలెక్కాడు. జనం నవ్వి, వెతికి ఇచ్చారు. ఒకామె మంచం కోడు కింద ఎత్తుకు పెట్టినదాన్ని తీసి ఇచ్చి, మంచం ఊగితే నీదే పూచీ అంది. రెండిళ్లలో చాయ్ ఇచ్చారు. తాగుతూ కూర్చున్నాడు, లేవాలనిపించలేదు. అన్న ఇంటికి మాత్రం పోలేదు.

మూడోనాడు వదిన యమున తనే గట్టు మీదికి వచ్చింది. కొంగులో పొట్లాలు.

“ఊరంత తిరిగినవంట. మా ఇల్లే యాదికి రాలేదా భావుజీ?”

“వద్దామనుకున్న వహినీ.”

“అనుకున్నవు లే.” పొట్లాలు గట్టు రాయి మీద పోసింది. “నిరుడియి, ఈయేటియి. రాత ఉన్నది గదా, పారేస్తె మంచిది గాదని డబ్బల పెట్టిన.”

ఆ ఇంటి నుంచి సుదామ్ చేతికి ఒక వస్తువు రావడం పంపు అడిగిన ఏడు తరవాత అదే మొదలు. పొట్లాల్లో ఆమె ఇచ్చినవే ఎక్కువ.

పొట్లంలో గింజలకు మందు రంగు ఉంది. దాని మీద జట్టులో వాదన జరిగింది. చివరికి గులాబ్‌రావు తేల్చాడు. మందు కడిగితే పోతుంది, జాతి కడిగితే పోదు, మనకు కావలసింది జాతి అన్నాడు. నలుగురూ ఒప్పుకున్నారు. సుదామ్ బంకమట్టి నీళ్లతో, పేడ నీళ్లతో రంగు పోయేదాకా కడిగాడు. ఎండబెట్టాడు. కమల విత్తనం మిగిలిన అడ్డెడూ తెచ్చి ఒకే గంపలో కలిపాడు. విడిగా వేస్తే ఒక మూల ఆమెది, మిగతాదంతా ఊరివాళ్లది అవుతుంది. కలిపితే ప్రతి సాలులోనూ ఆమెది ఉంటుంది. అప్పుడు అతనికి తోచింది అంతే.

పత్తి బాగా లేచింది. శ్రావణంలో మొగ్గ పట్టింది. ఏటా ఆ రోజుల్లో సుదామ్ తెల్లవారగానే డబ్బా పట్టుకుని సాలు సాలూ తిరిగి పురుగులు ఏరేవాడు. ఈ ఏడు డబ్బా అడుగు నిండలేదు. ఎక్కడో ఒక చెట్టు మీద రంధ్రం పడిన మొగ్గ కనబడేది. దాని పక్క నాలుగు చెట్లు శుభ్రంగా ఉండేవి. వేపగింజ, వెల్లుల్లి, మిరప కలిపి తాను కాచే కషాయం ఇన్నాళ్లకు కుదిరిందనుకున్నాడు. ఈసారి వెల్లుల్లి కొంచెం ఎక్కువ వేశాడు.

తనిఖీకి నలుగురూ వచ్చారు. గులాబ్‌రావు మొగ్గలు తిప్పి చూస్తూ సాలు చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు.

“ఏం కలిపినవురా కషాయంల?”

సుదామ్ వెల్లుల్లి సంగతి చెప్పాడు. ఉప్రే చిన్నవాడు పదును, పాళ్లు అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. గులాబ్‌రావు సీసా నిండా కషాయం పోయించుకున్నాడు. మూడేళ్లు నిండందే సేంద్రియం పేరు రాదు, చంద్రభాగకు ఇప్పుడే నిండాయి. ఈసారి ఆమె పత్తి మొదటిసారి ఆ పేరుతో కొనే కంపెనీ లారీ ఎక్కుతుంది. సంతకం పెట్టేటప్పుడు, ఇంత మంచి చేనుకు సాక్ష్యం పెట్టడం తనకే గౌరవమని అంది. భాకరీలు అయిపోయినా ఎవరూ లేవలేదు. పొద్దు కంది మీదికి వంగేదాకా కబుర్లు నడిచాయి. వాళ్లు పోయాక సుదామ్ గిన్నెలు కడగకుండా కాసేపు అలాగే వదిలేశాడు.

వారం తిరక్కముందే గులాబ్‌రావు ఎదురుపడి, కషాయం కొట్టినా తన చేనులో పురుగు తగ్గలేదన్నాడు. నీ హస్తవాసి మాకు రాదులే అని నవ్వి పోయాడు.

ఆ మాటతో సుదామ్‌లో మొదటిసారి అనుమానం కదిలింది. చేను అంచున బెండ చెట్లున్నాయి. పత్తికంటే ముందు పురుగును పిలవడానికి ఏటా వేస్తాడు. బెండకాయలు చూస్తే పురుగు ఉంది, కావలసినంత. అక్కడికి బారెడు దూరంలో పత్తి మీద లేదు. బెండకూ అదే కషాయం కొట్టి ఉన్నాడు.

ఇంట్లో రెండు టిఫిన్ డబ్బాలున్నాయి, ఒకటి తనది, ఒకటి కమలది. బెండ మీది పురుగులు ఏరి రెండింటిలో వేశాడు. తన డబ్బాలో శుభ్రంగా ఉన్న చెట్టు మొగ్గలు పెట్టాడు. కమల డబ్బాలో రంధ్రం పడిన చెట్టు మొగ్గలు పెట్టాడు. కషాయం తగలని లేత మొగ్గలే, నీళ్లతో కడిగి. మూతలు వదులుగా పెట్టి చూరు కింద ఉంచాడు. రెండు రోజుల తరవాత తీస్తే కమల డబ్బాలో మొగ్గలు తొలిచి ఉన్నాయి, అడుగున రెట్ట ఉంది. తన డబ్బాలో మొగ్గల మీద గీతలు మాత్రం ఉన్నాయి. పురుగులు ముడుచుకుని పడి ఉన్నాయి.

చెట్లు మార్చి మళ్లీ చూశాడు. ఎక్కువ చెట్లు తన డబ్బా లాంటివే.

కొరికిన పురుగు చచ్చేది బీటీ చెట్టు మీదే. అంటే పురుగు వాటా పొట్లాల్లోనూ చాలా వరకు బీటీనే ఉంది. ఎవరు కలిపారో, ఎక్కడ కలిసిందో చెప్పేవాళ్లు లేరు. చేనులో తన జాతి ఎక్కడో ఒక చెట్టు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ చేను మంచిగున్నదని నలుగురు సంతకం పెట్టారు. చెబితే ఏమవుతుందో సుదామ్‌కు తెలుసు. చేను మొదటి ఏడుకు దిగిపోతుంది, మూడేళ్లు ఆ పత్తి లారీ ఎక్కదు. దాని సంగతి అంతగా పట్టలేదు. చెప్పాక ఆ నలుగురు తన చేనులోకి మళ్లీ వస్తారా అన్నదే పట్టింది.

అంతలో ఎద్దుల పండగ పోళా వచ్చింది. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి ఇల్లిల్లూ తిప్పాడు. ఊళ్లో ఎద్దులు తగ్గిపోయాయి. మహాదేవ్‌కు ట్రాక్టర్ ఉంది. అయినా యమున పళ్లెం పట్టుకుని గడపలో నిలబడి, ఎద్దుల నుదుట కుంకుమ పెట్టి, పూరణ్ పోళీ బొబ్బట్లు తినిపించింది. పొట్లాలు మొలిచాయా అని అడిగింది. మంచిగ మొలిచినయి వహినీ అన్నాడు. అందులో అబద్ధం లేదు.

మరునాటి తెల్లవారుజామున ప్రతి గడపలో గుచ్చిన మోదుగ కొమ్మలు పీకి, ఊరంతా వాటిని పొలిమేర అవతల పారేయడానికి పోయారు. ఏటా ఉన్నదే. రోగాలు రొష్టులు, దోమలు నల్లులు, చేను తినే పురుగులు, అన్నీ పట్టుకుని పో మార్బత్, పో పీడా అని అరుస్తూ నడుస్తారు. సుదామ్ కూడా కొమ్మ పట్టుకుని అరిచాడు. రోగాలు అన్నాడు, దోమలు అన్నాడు. పురుగుల దగ్గరికి వచ్చేసరికి అతని నోరు రాలేదు. ఆ గోలలో ఎవరూ గమనించలేదు. కొమ్మ విసిరి, వెనక్కి తిరిగి, ఇంటికి కాకుండా గులాబ్‌రావు వెనకే నడిచాడు. మిగతా ముగ్గురినీ తీసుకుని చేను దగ్గరికి రమ్మన్నాడు.

ఈసారి కూడా భాకరీలు చేశాడు. ముందు చేను చూపించాడు, తరవాత డబ్బాలు తెరిచాడు, ఆ తరవాత చెప్పాడు. ఎవరూ తినలేదు.

“ఎవరికన్న జెప్పినవా?” గులాబ్‌రావు అడిగాడు.

“మీకే.”

“అయితె ఊకో. నీ పత్తి లారీ ఎక్కించకు. బజార్ల అమ్ముకో. పురుగు తిన్నది, పంట తక్కువొచ్చింది అందాం.”

“పురుగు తిన్నదనా కాకా?” అన్నాడు సుదామ్.

ఉప్రే చిన్నవాడికి నవ్వొచ్చి ఆపుకున్నాడు. పెద్దవాడికి కోపం వచ్చింది. పరీక్ష చేయమని నిన్నెవరు అడిగారన్నాడు. ఒక చేనులో ఉందంటే కొనేవాడు ఐదు చేలనూ అనుమానిస్తాడన్నాడు. డబ్బాల్లో పురుగు చస్తే అది రుజువా అన్నాడు. పొట్లాలు ఎవరివని అడిగాడు. ఊళ్లో అందరివీ అని సుదామ్ చెప్పాడు. ఎక్కువ ఎవరింటివి అని మళ్లీ అడిగితే, యాదికి లేదన్నాడు.

చంద్రభాగ వీళ్ల మాటల్లోకి రాలేదు. రంధ్రం పడిన చెట్టు దగ్గర నిలబడి మొగ్గ తిప్పి చూస్తూ ఉంది. తరవాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నేను సంతకం పెట్టిన గద భావూ, నీ చేను మంచిగున్నదని. ఇగ నా మాట ఏం గావాలె?”

“గందుకే పిలిచిన బాయీ. నీ మాట నువ్వు ఎన్కకు తీసుకో.”

ఆమె లేచింది. మిగతావాళ్లూ లేచారు. భాకరీలు గుడ్డలోనే ఉన్నాయి. సాయంత్రం వాటిని ఎద్దులకు పెట్టాడు.

రహాంగడాలేకు కబురు సుదామే పంపాడు. అతను వచ్చి చేను చూసి, నెత్తి మీద టోపీ సర్దుకున్నాడు.

“నేను పొట్లం ఉంటదన్న. ఏసుకో అన్ననా కాకా?”

“అనలేదు సాహేబ్.”

“మరి నా పేరు రాదు గదా?”

“ఎందుకొస్తది.”

అతను తేలిక పడ్డాడు. చేను మొదటి ఏడుకు దిగుతుందని, మనిషి మాత్రం జట్టులోనే ఉండవచ్చని, ఐదుగురి లెక్క చెడదని చెప్పాడు. పోతూ పోతూ ఆగాడు. అతను చెడ్డవాడు కాదు. ఏదో ఒక మేలు చేసి పోవాలనుకున్నాడు.

“ఇంత మంచి చేను తాలూకాల లేదు. రెండో పథకంల నీది నమూనా చేను కింద చూపెడ్త. పురుగు లేని చేను. నలభై యాభై మంది రైతుల్ని బండ్లల్ల తెస్త. చాయ్, పోహా నా ఖర్చు. బ్యానర్ గూడ ఉన్నది.”

తన చేనులో యాభై మంది నడవడం, కంది అవతల మోటార్‌సైకిళ్లు ఆగి ఉండడం సుదామ్ కళ్లకు కట్టింది. ఒక క్షణం అది బాగానే అనిపించింది.

“వాళ్లకు నేనేం జెప్పాలె?”

“ఏం జెప్పకు. నిలబడు చాలు.”

“వద్దు సాహేబ్,” అన్నాడు.

కొనే కంపెనీ మనిషి వచ్చి ఐదు చేలలోనూ ఆకులు నలిపి పరీక్ష పట్టీతో చూశాడు. నలుగురి చేలూ మంచివే అని తేలింది. కానీ పైనుంచి మాట వచ్చేదాకా లారీ ఆగింది. ఏరిన పత్తి ఇళ్లలో చేరింది. ఉప్రేల ఇంట్లో పిల్లలు పత్తి మీదే పడుకుని తుమ్ములతో లేచేవాళ్లు. లారీ వచ్చి పోయాక గులాబ్‌రావు కనబడితే తల ఊపి సాగిపోతాడు. చంద్రభాగ పత్తి సేంద్రియం పేరుతోనే పోయింది. ఆమె గూడెంలో చిన్న విందు పెట్టిందని సుదామ్ విన్నాడు. మరుసటి తనిఖీ రోజు అతని చేనుకు ఎవరూ రాలేదు. మొదటి ఏడు చేనుకు ఏం చూస్తాం, ఇంటి దగ్గరే సంతకం పెట్టేస్తాం అని కబురు పంపారు.

అయితే అదంతా తరవాతి మాట. చెప్పిన మరునాటి నుంచే సుదామ్ ఒక పని మొదలుపెట్టాడు.

కమల జాతి చేనులోనే ఉంది. కాయ దిగాక దాన్ని పోల్చుకోవచ్చు. ఆమె ఏరిన రకానికి కాయ ముక్కు కొంచెం వంగి ఉంటుంది. కానీ కాయ దిగేసరికి తేనెటీగ పని అయిపోయి ఉంటుంది. పక్క చెట్టు పుప్పొడి తెచ్చి దీనికి కలిపి పోయి ఉంటుంది. పువ్వు విచ్చకముందే పట్టుకోవాలి. అప్పుడు చెట్టును చూసి పోల్చుకోగలిగింది ఒక్క పురుగే.

కాబట్టి సుదామ్ పురుగు కోసం వెతకసాగాడు. రంధ్రం ఉన్న చెట్టు కనబడితే దాని మీద ఇంకా బాగున్న మొగ్గలు చూసుకుని, మరునాడు విచ్చబోయే వాటి కొసలు దారంతో కట్టేవాడు. కట్టిన పువ్వు విచ్చదు, దానిలోది దానిలోనే కలుస్తుంది. పొద్దు వాలే వేళ పని. చీకటి పడేసరికి కళ్లు లాగేవి. కొత్త చెట్టు మీద అనుమానం వస్తే బెండ మీంచి పురుగు తెచ్చి వదిలేవాడు. కట్టిన వాటిలో కొన్ని రాలిపోయేవి, కొన్ని పురుగే తినేసేది. తిననిస్తేనే చెట్టు తెలుస్తుంది, తింటే విత్తనం పోతుంది. రెంటికీ నడుమ ఎంత వదలాలో అతనికీ తెలియదు. పొరపాటున పురుగు వాటాలోనే ఉన్న బీటీ కాని చెట్టుకు కట్టినా, కాయ దిగాక ముక్కు చూసి తీసేయవచ్చు.

మిగతా చేను ఎప్పుడూ కాయనంత కాసింది. ఏరడానికి కూలీలు వచ్చినప్పుడు, ఒకామె ఇంత పత్తి ఈ చేనులో ఎన్నడూ ఏరలేదంది. అతను బండి కట్టి దాన్ని వణీ బజారుకు తోలుకుపోయాడు. అందరి పత్తితో పాటు కుప్పలో పోశారు. ఇది ఎక్కడిది, ఎలా పండిందని ఎవరూ అడగలేదు.

చివరి పూత రోజుల్లో ఒక సాయంత్రం యమున గట్టు మీద నిలబడి ఉండడం చూశాడు. ఎంతసేపటి నుంచో ఉన్నట్టుంది.

“దారాలు కడ్తున్నవేంది భావుజీ? చెట్లకు పెండ్లిండ్లు జేస్తున్నవా?”

“ఆపుతున్న వహినీ.”

ఆమె నవ్వింది. తరవాత నవ్వు ఆపింది.

“నేనిచ్చిన పొట్లాలేనంట గద.”

“ఎవరన్నరు?”

“ఊరంటది.”

“ఊళ్లె అందరియి ఉన్నయి. ఎవరియని ఏరుతం?”

ఆమె గట్టు రాయి మీద కూర్చుంది. పంపు సంగతి ఎత్తింది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదని చెప్పింది. పంపు ఇవ్వనందుకు కాదట. తమ్ముడు నియమం చదివి వినిపిస్తుంటే, పంతులు ముందు నిలబడ్డట్టు అనిపించిందట. సుదామ్‌కు అది కొత్త సంగతి. అవతల ట్రాక్టర్ మొదలైంది. మహాదేవ్ కేకేశాడు, యమున పోయింది.

మరునాడు గట్టు రాయి మీద దారం ఉండ ఒకటి ఉంది, గాలికి పోకుండా పైన చిన్న రాయి పెట్టి. అటు చూశాడు. అవతలి చేనులో ఎవరూ లేరు. దారం తీసుకున్నాడు. అది సంచులు కుట్టే దారం, మొగ్గలకు లావు. పురి విప్పి పోగులుగా చీల్చుకున్నాడు.

ఆ రోజు కొత్తగా అనుమానం వచ్చిన చెట్టు ఒకటే. కంది నీడలో సన్నగా ఉంది. రంధ్రాలు లేవు, మొగ్గలు నాలుగు. బెండ మీద వెతికి వెతికి ఒక పురుగును పట్టాడు. చలి దిగుతోంది, ఇక పురుగులు కూడా ఎక్కువ లేవు. దాన్ని ఆకు మీద పెట్టి తెచ్చి మొగ్గ పక్కన వదిలాడు. అది తల ఎత్తి అటూ ఇటూ చూసి కదలకుండా ఆగింది.

సుదామ్ సాలులో కింద కూర్చున్నాడు. దారం పోగు చేతిలో ఉంది. కంది అవతల దారిలో ఎవరో మాట్లాడుకుంటూ పోతున్నారు. మాటలు దగ్గరికి వచ్చి దూరమయ్యాయి. పురుగు మొగ్గ మీదికి ఎక్కింది. తింటుందేమోనని అతను చూస్తూ కూర్చున్నాడు.